పెళ్లి మండపంలో చావకూడదు

పదకొండు మంది ముసలివాళ్ల తరఫున, వాళ్లను ఒక్క మాటైనా అడక్కుండా, వీళ్లలో ఎవ్వరూ చావరని నేను మాటిచ్చాను. బుద్ధున్నవాడెవడైనా ఇస్తాడా అలాంటి మాట? నేనిచ్చాను. ఎందుకంటే ఆ రోజు నాకు చిర్రెత్తి ఉంది. చిర్రెత్తినప్పుడు నేను దేనికైనా సరేనంటాను, లేకపోతే దేనికైనా కాదంటాను. మధ్యలో ఇంకోటి మీకు చేతకాదని మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచీ చెబుతూనే ఉంది.

నంద్యాలలో నాకు పెయింట్లూ ఇనప సామాన్లూ అమ్మే అంగడి ఉంది. అది మావాడికి అప్పజెప్పాక ఇంట్లో కూచుని పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పాలవాడి సైకిలు దాకా అన్నింట్లో వేలు పెడుతున్నానని, మా ఆవిడే నన్ను మా వీధి చివరి వృద్ధాశ్రమం కమిటీలోకి తోసింది. వాళ్లు నన్ను కార్యదర్శిని చేశారు. కార్యదర్శి అంటే పెద్ద పదవేమీ కాదు. కొళాయి కారితే ఫోను వచ్చేది నాకే.

కొళాయి ఒక్కటే కారితే బాగుండేది. ఆశ్రమం పాతకాలపు నాపరాతి మిద్దె. వానొస్తే పైకప్పు బండల సందుల్లోంచి నీళ్లు కారేవి. ఒక్కటే పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు, పెరట్లో ఎత్తు మెట్లెక్కి పోవాల్సిన బాత్రూములు. మోకాళ్లు అరిగినవాళ్లకు మెట్లు కట్టినవాడెవడో ఇప్పుడు కనిపిస్తే నాలుగు తగిలిద్దామని ఉంటుంది నాకు. పైగా చేర్చుకోండయ్యా అని వచ్చేవాళ్లకు చోటు లేదని చెప్పి పంపడం రోజూ ఉండేదే. అందుకని పైన ఒక అంతస్తు వేద్దాం, కింద అంతా బాగు చేయిద్దాం అని కమిటీ తీర్మానించింది. మేస్త్రీ వచ్చి, గోడలు తట్టి చూసి, ఒకే మాట చెప్పాడు.

"ఖాళీ చెయ్యాల సార్. మనుషులుంటే పని కాదు."

కొందరిని వాళ్ల చుట్టాలు కొన్నాళ్లకని తీసుకుపోయారు. పదకొండు మంది మిగిలారు. వాళ్లకోసం బాడుగ ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. నంద్యాలలో నాకు తెలియని వీధి లేదు, నా అంగట్లో పెయింటు కొనని ఇల్లు లేదు. అయినా ఒక్కడూ ఇవ్వలేదు. మొదట బాగానే మాట్లాడతారు, వృద్ధాశ్రమం అనగానే వయసులు అడుగుతారు, వయసులు చెప్పగానే గోడమీద క్యాలెండరు వైపు చూస్తారు. చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇంటికి తాళం వేసి నెలల తరబడి బయట ఉండాలని మావైపు గట్టి పట్టింపు.

"మీ ఇంట్లో ఎవరూ చావలేదా అప్పా ఇంతవరకు?" అని ఒకాయన్ని అడిగాను.

"మా నాయన పోయినాడు, మా అవ్వ పోయింది," అన్నాడు. "మా ఇంట్లో మావాళ్లు పోయేది వేరు శెట్టీ. బాడుగకొచ్చి పోయేది వేరు."

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇంటికొచ్చేసరికి మా బామ్మర్ది కూచుని కాఫీ తాగుతున్నాడు. ఆయనకు ఆళ్లగడ్డలో కల్యాణ మండపం ఉంది. నా గోడు మొత్తం విన్నాడు.

"మా మండపం ఉత్తగనే పడుండాది గదా బావా," అన్నాడు. "ఇప్పుడు ఆషాఢం, దాని ఎనకే మూఢం. పెండ్లిండ్లు యాడివి? వాడుకోండి."

నేను లేచి కావలించుకోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒకటే మాట. ఆడ ఎవరూ..." అని నోటితో అనలేక వేలితో పైకి చూపించాడు. నేను సీలింగు ఫ్యానుకేసి చూశాను.

"పోగూడదు బావా! మండపంలో సావు జరిగిందని తెలిస్తే ఇంగ ఎవురన్నా అక్షింతలు ఏస్తారా ఆడ? మూఢం పోయినాక మొదటి పెండ్లి నా కూతుర్దే."

"ఎవ్వరూ చావరు. నాదీ పూచీ," అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "యముడితో మాట్లాడినారా ఏమన్నా?"

ఈ షరతు సంగతి నేను కడుపులో పెట్టుకుని ఊరుకోవలసింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? హాల్లో అందరినీ కూచోబెట్టి, ఆళ్లగడ్డ పోతున్నాం, అక్కడ ఉన్నన్నాళ్లు అందరూ జాగ్రత్తగా ఉండాలి, ఫలానా పని మాత్రం ఎవరూ చెయ్యకూడదు అని చెప్పేశాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకడు బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

"బయట రోడ్డు మీద పోవచ్చునా సార్?"

అప్పుడు అవ్వ నవ్వింది. అవ్వ అంటే మా ఆశ్రమంలో అందరికంటే పెద్దది. అవుకు దగ్గర పల్లెలో పుట్టి, బతుకంతా బనగానపల్లెలో బాడుగ ఇండ్లలో గడిపిన మనిషి. పళ్లన్నీ పోయాయి, నాలుక మాత్రం చెక్కు చెదరలేదు. ఆశ్రమానికి వచ్చిన మర్నాటి నుంచీ పొద్దున కాఫీకి ముందు "ఈ పొద్దు పోతా నేను" అని ప్రకటించడం ఆవిడకు అలవాటు. అలా అని కాఫీ తాగి, రెండో గ్లాసు కూడా అడిగేది. అందుకే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

"నా సావు మీద నీ పెత్తనమేంది శెట్టీ?" అంది.

"కొన్నాళ్లు ఓపిక పట్టవ్వా. కొత్త ఇల్లు అయిపోనీ."

"నేను పడతా. పైనోడు పట్టాల గదా." కాసేపు బోసి దవడలు కదిపి, "ఆడ ఎవురన్నా పోతే మీ బామ్మర్దికి ఏమైతాదంట?" అని అడిగింది.

"వాడి కొంప మునుగుతాది."

"ఓహో," అంది అవ్వ.

ఆ ఓహో విన్నప్పుడే నేను నాలుక కరుచుకోవలసింది.

బస్సు మాట్లాడి అందరినీ ఆళ్లగడ్డ చేర్చాం. పెళ్లికూతురి గది ఆడవాళ్లకు, పెళ్లికొడుకు గది మగవాళ్లకు, భోజనాల హాలు భోజనాలకే. మండపం పక్కనే విగ్రహాలు చెక్కే షెడ్లున్నాయి. పొద్దస్తమానం ఉలి చప్పుడు. కండక్టరు పెద్దాయన పోయి వాళ్ల దగ్గర కూచుని, తన బొమ్మకు ఎంత రాయి పడుతుందో విచారించి వచ్చాడు. అవ్వ నేరుగా వేదిక ఎక్కి, వధూవరులకని వేసిన రెండు ఎర్ర మఖమల్ కుర్చీల్లో పెళ్లికూతురిది చూసుకుని కూచుంది. నా పెండ్లిలో నన్ను చాపమీద కూచోబెట్టినారు అని చెప్పి, మళ్లీ భోజనానికి కూడా దిగలేదు. పళ్లెం పైకే తెప్పించుకుంది.

మర్నాడు పొద్దున మా బామ్మర్ది అందరినీ చూసిపోదామని వచ్చాడు. అవ్వ ఆ కుర్చీలోనే కళ్లు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని ఉంది. ఆయన పరిగెత్తుకుంటూ వేదిక ఎక్కాడు.

"ఏమాయ అవ్వా?"

"ఏంలే నాయనా. గుండెకాడ అదోమాదిరి ఉండాది," అంది అవ్వ సన్నగా. "ఉగ్గాని తింటే నిలబడతాదేమో. బజ్జీ కూడా ఉంటే మంచిది."

అరగంటలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వేడివేడిగా వచ్చాయి. పదకొండు మందికీ వచ్చాయి. ఎందుకంటే ఆ అరగంటలో మిగతా పదిమందికీ గుండెకాడ అదోమాదిరి అయింది.

అక్కడి నుంచి ఇంక చూడండి. ఒకరికి టీవీ లేక బెంగ. ఒకరికి వేడినీళ్లు లేక జలుబు, ఆ జలుబు ఎక్కడికి పోయి తేలుతుందో అని అనుమానం. కండక్టరు పెద్దాయనకు మెత్తటి దిండు లేకపోతే ఊపిరి ఆడదు. అవ్వకు బనగానపల్లె మామిడిపండు కావాలి. కాపు అయిపోయింది అవ్వా, చెట్ల మీద ఆకులు తప్ప ఏమీ లేవంటే, "సరే, నేనూ అయిపోతాలే" అంది. మా బామ్మర్ది తానే బనగానపల్లె పోయి తోట తోటా తిరిగి ఎక్కడివో చివరి పళ్లు బుట్టలో పెట్టుకొచ్చాడు. ఆ మాట తెలిసి నేను ఫోనులో మండిపడ్డాను.

"షుగరున్నోళ్లకు మామిడిపండ్లేంది రా? బుద్ధుందా నీకు?"

"తినకుంటే దిగులుతో పోతామంటాండారు బావా!" అని ఆయన ఏడుపుగొంతుతో అన్నాడు.

ఆయన బీపీ చూసే మిషను కూడా కొన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి వరసగా అందరి చేతులకూ ఆ పట్టీ చుట్టి చూసేవాడు. సొంత తల్లి మోకాళ్లు నొప్పిరా అని ఏడాదిగా మొత్తుకుంటుంటే చెవిన పెట్టని మనిషి! "మా తమ్ముడు ఇంత మంచోడని నాకే తెలీదు," అని మా ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. మావాళ్లందరికీ బుగ్గలు వచ్చాయి. నేనేమో నంద్యాలలో సిమెంటు దుమ్ము పీలుస్తూ, మేస్త్రీతో తగాదాపడుతూ చిక్కిపోయాను.

అయినా ఇల్లు బాగా వస్తోంది. మెట్లు తీయించి వాలు బాట వేయించాను. గోడల పొడుగునా పట్టుకోవడానికి కడ్డీలు, బాత్రూముల్లో కుర్చీలా కూచునే కమోడ్లు, జారని బండలు. అన్నిటికంటే నాకు ముద్దొచ్చింది మాత్రం వెనకవైపు గది. అది నా సొంత ఆలోచన. అంతవరకూ మా ఆశ్రమంలో ఎవరికైనా బాగా కష్టమైతే, ఆటో పిలిచి పెద్దాసుపత్రికి పంపేసేవాళ్లం. అందుకే చూడ్డానికి వచ్చినవాళ్లకు, మా దగ్గర ఇంతవరకు ఒక్క చావు లేదండీ అని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కొత్త ఇంట్లో అలాంటివాళ్లకని వెనక ఒక గది, ఆ గదికి నేరుగా సందులోకి ఒక తలుపు. ఏదైనా జరిగితే అటునుంచి అటే. ముందువైపు కూచుని టీవీ చూసేవాళ్లకు తెలియనే తెలియదు. కమిటీ అంతా శభాష్ అంది.

కొత్త ఇల్లు చూడాలని అవ్వ పట్టుబట్టింది. కండక్టరు పెద్దాయన ఆవిడను బస్సులో తీసుకొచ్చాడు. టికెట్లు కొట్టే పిల్లవాడికి దారంతా పాఠాలు చెప్పాడట. అవ్వ కడ్డీలు పట్టుకుని నడిచి చూసింది. కమోడు మీద చీరతోనే కూచుని చూసి, "కుర్చీ బాగుండాది, చేతులు ఆనించుకునేకి ల్యా" అంది. వెనకగది దగ్గరకు వచ్చి ఆగింది.

"ఈ గది ఎవురికి?"

"ఒంట్లో బాగాలేనోళ్లకు అవ్వా. నిమ్మళంగా ఉంటాదని."

"ఆ వాకిలి యాడికి?"

"సందులోకి. గాలొస్తుందని పెట్టించినా."

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గాలొచ్చేకి కిటికీ పెడతారు శెట్టీ. వాకిలి పెట్టేది మనిషి పోయేకి."

అవ్వ కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది. తిరిగి ఆళ్లగడ్డ పోయేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదని కండక్టరు పెద్దాయన తర్వాత చెప్పాడు. ఆ మర్నాటి నుంచి పొద్దున ప్రకటన ఆగిపోయింది. బజ్జీలు అడగలేదు. వేదిక ఎక్కలేదు. పెళ్లికూతురి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. మా బామ్మర్ది నాకు ఫోను చేశాడు.

"బావా, అవ్వ సస్తానంటల్యా! నాకు భయంగా ఉండాది."

ఆయన భయం ఉత్తది కాలేదు. మూఢం ముగిసే రోజులు దగ్గర పడ్డాయనగా అవ్వకు జ్వరం వచ్చింది. గంజి తాగలేదు, మాత్ర మింగలేదు. నేను ఆదరాబాదరా ఆళ్లగడ్డ చేరేసరికి ఒకవైపు పందిరివాళ్లు టేపులు పట్టుకుని వాకిలి కొలుస్తున్నారు, ఇంకోవైపు గేటు ముందు ఆటో నిలబడి ఉంది. లోపల అవ్వ మంచం పట్టెలు రెండు చేతులా పట్టుకుని ఉంది. కండక్టరు పెద్దాయన మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. మా బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నువ్వు మాటిచ్చినావు. ఆసుపత్రికి తీసకపోదాం పట్టు. తొందరగా."

"శెట్టీ," అంది అవ్వ. గొంతు పీలగా ఉంది, ఈసారి నిజంగానే. "సూది మందు ఏపిచ్చు, ఏమన్నా చెయ్. ఆటో మాత్రం ఒద్దు."

"ఎందుకవ్వా?"

"మా ఆయన మామిడి మండీలో కాటా ఏస్తాండె. జబ్బు చేస్తే ఇంటాయన, ఈడ పోతే మాకు కష్టం, ఆసుపత్రికి తీసకపో అన్యాడు. ఆటో ఎక్కిచ్చినాం. నంద్యాల రాకముందే, దావలోనే పోయినాడు. ఎనక్కి తెస్తే ఇంటాయన గడప తొక్కనీల్యా. ఆటోలోనే పెట్టుకుని రోడ్డు మీద కూచున్యా. మీ ఆయన యాడ పోయినాడు అని ఎవురన్నా అడిగితే ఇప్పటికీ నాకు చెప్పేకి రాదు. ఆటోలో అని చెప్పాల్నా?" ఊపిరి తీసుకుంది. "సొంతిల్లు ల్యాకుండా బతికినాం, సరే. సచ్చేకి కూడా ఒక చోటు ల్యాకుంటే ఎట్ల శెట్టీ? మీ కొత్తింట్లో కూడా నాకు దొడ్డిదావే పెడితివి."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కళ్లనీళ్లు తిరిగితే నాకు వెంటనే కోపం వస్తుంది, అది నా తత్వం. ఆ కోపం ముందు పాపం ఆటోవాడి మీద పడింది.

"ఎవడ్రా నిన్ను రమ్మనింది?"

"మీ బామ్మర్దే సార్," అన్నాడు వాడు బిత్తరపోయి.

"ఆవిడ యాడికీ రాదు. ఈడనే ఉంటాది," అని బామ్మర్ది మీదికి తిరిగాను. "ఏమైనా సరే ఈడనే. మాటిచ్చింది నేనే, తప్పేదీ నేనే. నీ కూతురి పెండ్లి నా ఇంట్లో చెయ్, నా అంగట్లో చెయ్, పెయింటు డబ్బాల మధ్య పందిరి వేసుకో!"

ఆయన పోయి పెళ్లికొడుకు కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. పందిరివాళ్లు టేపు చుట్టేసి ఆయనకేసి, నాకేసి చూస్తున్నారు. చివరికి ముక్కు చీదుకుని లేచాడు.

"ఆటో పంపించెయ్ బావా. డాక్టరును నేనే పిలుచుకొస్తా. అవ్వను మంచం పట్టెలు వదలమను, చేతులు నొప్పి పెడతాయి."

డాక్టరు వచ్చాడు. విషజ్వరం, ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి, ఇక్కడే చూసుకోవచ్చు అన్నాడు. సెలైను సీసా తగిలించడానికి ఏమీ లేకపోతే, పూలదండలు వేలాడదీసే ఇత్తడి స్తంభం వేదిక మీదనుంచి మోసుకొచ్చాం. మా బామ్మర్ది పక్కనే కూచుని చెంచాతో గంజి పట్టాడు. మిగతావాళ్లు టీవీ ఆపేసి, ఉగ్గాని వద్దని, గోడ వారగా కూచున్నారు. నేను ఆ సాయంత్రం నంద్యాల వచ్చేశాను గానీ, ఫోను మోగితే చాలు రెండో రింగు రాకముందే ఎత్తేవాణ్ణి. అవ్వ పోతే నేనేమైపోతానో నాకే తెలియలేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున ఫోనులో బామ్మర్ది అరుపు.

"బావా! సస్తానంటాంది! అవ్వ సస్తానంటాంది!"

"ఏమైంది రా?"

"బజ్జీ ఇయ్యకుంటే సస్తానంటాంది!"

ఇద్దరం ఫోను పట్టుకుని పిచ్చివాళ్లలా నవ్వాం. మా ఆవిడ, చావు కబురుకు నవ్వుతారేంది అని తిట్టింది.

అదే రోజు నేను మేస్త్రీ దగ్గరికి పోయి, వెనకగది తలుపు పీకేసి గోడ కట్టమన్నాను. కొత్త టేకు తలుపు సార్ అని మేస్త్రీ గుండెలు బాదుకున్నాడు. కమిటీలో పెద్ద గొడవ.

"రేపు ఎవరన్నా పోతే యాడనుంచి తీసకపోతాం?" అన్నాడు కోశాధికారి.

"ముందు వాకిట్లోంచి. వచ్చింది అట్నుంచే గదా."

"చూసేవాళ్లకు బాగుండదు."

"చూడనీ. వాళ్లు మాత్రం ఉండిపోతారా?" అన్నాను. "ఇంకొకటి. డాక్టరు అవసరమంటేనే ఆసుపత్రి. ఇంక లాభం లేదన్నాక ఆటో పిలిచేది లేదు. ఎవరి మంచం మీద వాళ్లు ఉంటారు. ఒప్పుకోకుంటే నేను రాజీనామా చేస్తా."

ఆ మాట వినగానే అందరి ముఖాలూ వెలిగాయి. వాళ్లు ఒప్పేసుకునేలా ఉన్నారని చూసి, రాజీనామా మాట వెనక్కి తీసుకుని, తలుపు సంగతి, ఆటో సంగతి మాత్రం అరిచి గెలిచాను.

మూఢంలో పెళ్లిళ్లే కాదు, గృహప్రవేశాలూ చెయ్యరు. అందుకని మూఢం పోయిన మొదటి మంచిరోజే మా పదకొండు మందీ ఆళ్లగడ్డ నుంచి బస్సు దిగారు. మా బామ్మర్ది కూతురి పెళ్లి పనులు వదిలేసి వెంట వచ్చాడు, బీపీ మిషను చంకలో పెట్టుకుని. వాకిట్లో మామిడాకులు, లోపల పొయ్యిమీద పాలు, పురోహితుడి మంత్రాలు, ఎదురుగా కమిటీ అంతా తెల్లబట్టల్లో. అందరూ కుడికాలు పెట్టి లోపలికి పోతున్నారు. అవ్వ మాత్రం గడప ముందు ఆగిపోయింది.

"రా అవ్వా," అన్నాను.

"ఉండు. ఒక మాట చెప్పు శెట్టీ. ఈడ సావొచ్చునా?"

పురోహితుడి మంత్రం సగంలో ఆగింది. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. శుభమా అని ఇల్లు చేరుతూ ఇదేం మాటమ్మా అని ఎవరో గొణిగారు. అవ్వ ఎవరినీ చూడలేదు. నన్నే చూస్తోంది.

"సావొచ్చవ్వా," అన్నాను, అందరికీ వినపడేట్టు.

"నా మంచం మీదనే?"

"నీ మంచం మీదనే."

"ఆటో?"

"రాదు. నేనుండగా రాదు."

అవ్వ కళ్లు కొంగుతో తుడుచుకుంది. కుడికాలు ఎత్తి గడప లోపల పెట్టింది. కడ్డీ పట్టుకుని నిదానంగా నడిచి తన మంచం దగ్గరికి పోయి, పరుపు రెండుసార్లు అదిమి చూసి, దాని మీద కూచుంది.

"సరేలే," అంది. "అట్లయితే ఇంగ కొన్నాళ్లు బతుకుతా."